సర్వీసు లెక్కలోకి రావాలి

పని తెలిసినవాళ్లకు ఆ పనే మళ్లీ నేర్పడం నా ఉద్యోగం. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో, బయటి దేశాల్లో చదివి వచ్చిన నర్సులను ఓస్కీ పరీక్షకు తయారు చేస్తాను. ఖమ్మంలో డయాలసిస్ యూనిట్ బాధ్యత మోసిన ఆమె, విజయవాడలో గుండె ఆపరేషన్ అయినవాళ్లను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఆమె, రియాద్ ఎమర్జెన్సీలో రాటుదేలిన కొట్టాయం ఆమె, లాగోస్‌లో కాన్పులు చేసి వచ్చిన ఆమె నా ఎదుట కూర్చుంటారు. వాళ్లకు నేను చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి మొదలుపెడతాను. మొదటిరోజు వాళ్ల ముఖాల్లో కనబడే చిన్నబోవడం నాకు బాగా తెలుసు. గుంటూరులో చదివి, హైదరాబాద్‌లో ఐసీయూ ఇన్‌చార్జిగా చేసి, నేనూ ఇలాంటి గదిలోనే కూర్చున్నాను.

ఇక్కడ నర్సుగా పేరు నమోదు కావాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ పెట్టిన దారిలో రావాలి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 తెచ్చుకోవాలి. లేదంటే వైద్యరంగంవాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాయాలి. ఆపైన కంప్యూటర్ మీద ఒక పరీక్ష. అది మన దేశంలోనే రాయొచ్చు. ఆఖరిది ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, దానికి ఇక్కడికి రావాల్సిందే. ఫీజు 794 పౌండ్లు, మొత్తం పది స్టేషన్లు. రోగిని చూసి అంచనా వేయడం నుంచి ఇంకొకరికి అప్పజెప్పడం దాకా నాలుగు, చేత్తో చేసి చూపించేవి నాలుగు, కాగితం మీద ఆలోచన రాసేవి రెండు. 2014కు ముందు ఈ పరీక్ష లేదు. అప్పట్లో వచ్చిన మా సీనియర్లు కొన్ని నెలలు ఒకరి పర్యవేక్షణలో పనిచేసి రిజిస్టరయ్యారు.

మనవాళ్ల చేతులకు వంక పెట్టిన ఎగ్జామినర్‌ను నేను చూడలేదు. ఇబ్బందంతా నోటితోనే. ఓస్కీలో మనసులో అనుకున్నదానికి మార్కు పడదు. మనం ఎవరిమో చెప్పాలి, రోగి పేరు, పుట్టిన తేదీ అడిగి చేతి పట్టీతో సరిచూడాలి, ఏ మందు పడదో అడగాలి, బీపీ పట్టీ చుట్టేముందు ‘చుట్టమంటారా’ అనాలి. నైట్ డ్యూటీలో ఒక్కతే ముప్పై మంచాలు చూసుకున్న అమ్మాయికి ఇంత మాట ఎక్కణ్నుంచి వస్తుంది? ‘చెయ్యి చాపమ్మా’ అన్న మాట పూర్తయ్యేలోపు ఇంజక్షన్ అయిపోవాలి. లేకపోతే తెల్లారేసరికి ఆఖరి మంచం దాకా వెళ్లలేదు. ఆ మౌనం ఆమె స్వభావం కాదు, మన వార్డు ఆమెకు చేసిన అలవాటు.

ఇదంతా కొత్తవాళ్లకు తంతులా కనిపిస్తుంది. వాళ్లకు నేను కేట్ గ్రేంజర్ గురించి చెబుతాను. యార్క్‌షైర్‌లో వృద్ధులకు వైద్యం చేసే డాక్టర్ ఆమె. చిన్న వయసులోనే క్యాన్సర్ వచ్చింది. 2013లో తానే రోగిగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తన దగ్గరికి వచ్చే డాక్టర్లు, నర్సుల్లో చాలామంది పేరైనా చెప్పుకోవడం లేదని గమనించింది. ‘హలో, నా పేరు ఫలానా’ అని మొదలుపెట్టమంటూ ఒక ప్రచారం ప్రారంభించింది. 2016లో ఆమె పోయింది. ఇవాళ ఈ దేశంలో ఆసుపత్రి సిబ్బంది చాలామంది గుండెల మీద ‘హలో, నా పేరు’ అని రాసిన బిళ్లలు కనిపిస్తాయంటే, ఆమె చలవే. ఈ సంగతి విన్నాక మా అమ్మాయిలు పేరు చెప్పుకునే తీరు మారిపోతుంది.

ఇంతకన్నా కష్టమైన పాఠం ఒళ్లు తుడవడం. మన దగ్గర రోగి వెంట మనిషి ఉంటాడు. స్నానం, అన్నం, బెడ్‌పాన్ ఇంటివాళ్లో ఆయమ్మో చూసుకుంటారు. నర్సు మందులు, సెలైన్లు, కేస్‌షీట్లు చూస్తుంది. ఇక్కడ విజిటింగ్ టైము దాటితే రోగికి ఉన్నది మేమే. హెల్త్‌కేర్ అసిస్టెంట్లు ఉంటారు గానీ, నర్సు ఆ పనిలో చెయ్యి పెట్టని రోజు ఉండదు. బీఎస్సీ చదివి, వెంటిలేటర్లు చూసి, ఇంతదూరం వచ్చి ముసలివాళ్ల ఒళ్లు కడగడమా అని ఏడ్చినవాళ్లను ఓదార్చాను. ఓదార్చి, మర్నాడు మళ్లీ అదే పనికి వెంటబెట్టుకుని వెళ్లాను. తొంభై ఏళ్ల ఆమెను పక్కకు తిప్పి వీపు తుడిచేటప్పుడే నడుం కింద ఎర్రబడ్డ చోటు కంటబడుతుంది. వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపైతే పడకపుండు మొదలైనట్టే. మడమలు చూసేది అప్పుడే. నిన్నటికీ ఇవాళ్టికీ మాట తడబడుతోందా, చెయ్యెత్తమంటే ఒకవైపే ఎత్తుతోందా, భర్త పోయాక తనొక్కదాని కోసం వండుకోవడం మానేసిందా, ఇవన్నీ ఆ పావుగంటలో తెలుస్తాయి. ఐసీయూలో మానిటర్ చూసి రోగిని అర్థం చేసుకునేదాన్ని. మనిషిని చూసి అర్థం చేసుకోవడం ఇక్కడ ఒళ్లు తుడుస్తూ నేర్చుకున్నాను.

ఈ పనిని తక్కువ పని అనడం మనకు కులం నేర్పిన అలవాటని నేను గట్టిగా నమ్ముతాను. కోస్తాలో నర్సింగ్ చాలావరకు మిషన్ ఆసుపత్రుల్లో వేళ్లూనింది. పరాయివాళ్ల నెత్తురు, మలమూత్రాలు ముట్టుకోవడం మైల అనుకున్న ఇళ్లు ఆడపిల్లల్ని పంపలేదు. పంపినవాటిలో దళిత క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. మాదీ అలాంటి ఇల్లే. ఇంగ్లండ్‌లో తెలుగువాళ్లు ఉగాదికి కలిసినప్పుడు ‘మీరే కంపెనీ?’ అని అడుగుతారు. నర్సునని చెప్పగానే ఒక్క క్షణం మాట ఆగడం ఇక్కడా గమనించాను. మలయాళీ నర్సులకు ఈ బెడద తక్కువ. వాళ్లకు ఊరూరా సీనియర్లున్నారు, సంఘాలున్నాయి, కొత్తగా దిగినవాళ్లకు అద్దె ఇల్లు చూసిపెట్టే చేచిలు, అంటే అక్కలు, ఉన్నారు. మనవాళ్లు ఆలస్యంగా రావడానికి ఒక పాత నిబంధన కూడా కారణమని నా అంచనా. 2000 తర్వాతి సంవత్సరాల్లో, బ్రిటన్ సాయం అందుకుంటున్న భారత రాష్ట్రాల నుంచి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్ఎస్ నర్సులను తీసుకోకూడదని ఒక జాబితా ఉండేది. అందులో ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. ఇవాళ్టికీ తెలుగమ్మాయి ఈ దేశంలో దిగి భయపడితే, ధైర్యం చెప్పేది ఎక్కువగా ఒక కేరళ అక్కే.

డాక్టర్ ముందు నోరు తెరవడం ఇంకో పాఠం. సార్ వస్తే లేచి నిలబడి, రౌండ్స్‌లో కేస్‌షీట్లు పట్టుకుని వెనకాల నడిచిన అలవాటు ఒక్కపూటలో పోదు. ఇక్కడ న్యూస్-2 అని ఒక చార్టుంది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించి ఇచ్చింది. ఊపిరి వేగం, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, అన్నిటికీ పాయింట్లు వేసి కూడతాం. 5కు చేరితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7కు చేరితే అత్యవసరం. ఆ అంకె చేతిలో ఉన్నాక అర్ధరాత్రి డాక్టర్‌ను పిలవడానికి నర్సు జంకాల్సిన పనిలేదు. రోగి దిగజారుతున్నాడని మన నర్సులకు అందరికన్నా ముందే తెలిసిపోతుంది. ఎవరికి, ఎలా చెప్పాలన్నదే వాళ్లకెవరూ నేర్పలేదు. అందుకే ప్రతి బ్యాచ్‌తో ఫోన్ మాట్లాడటం సాధన చేయిస్తాను. నువ్వెవరు, రోగి ఎవరు, ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందు ఏం జరిగింది, నీ అంచనా ఏమిటి, నీకేం కావాలి. ఆఖరి ప్రశ్న దగ్గర అందరి గొంతూ తగ్గిపోతుంది. ‘మీరు వచ్చి చూడాలి’ అన్న మాట నిలకడగా అనగలిగేదాకా వదలను.

ఇవన్నీ నేర్చుకోవాల్సినవే, నేర్పుతున్నందుకు నాకు గర్వంగానే ఉంది. మింగుడుపడనిది వేరే ఉంది. పరీక్ష గట్టెక్కిన తర్వాత వీళ్లలో చాలామందిని నర్సుల తొలి జీతపు స్థాయి అయిన బ్యాండ్ 5లో అడుగునే పెడతారు. నిన్నగాక మొన్న కాలేజీ దాటిన ఇరవై రెండేళ్ల అమ్మాయికీ, పదిహేనేళ్లు ఐసీయూలో చేసిన మన మనిషికీ ఒకటే జీతం. 2024-25లో ఇంగ్లండ్‌లో ఆ అడుగు జీతం ఏడాదికి 29,970 పౌండ్లు. అదే బ్యాండ్‌లో నాలుగేళ్ల సర్వీసు నిండినవాళ్లకు 36,483. ఆ తేడాతో ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన బిడ్డను ఒక ఏడాది ముందే తెచ్చుకోవచ్చు. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీలో మార్గరెట్ కీనన్‌కు ఎన్‌హెచ్ఎస్ తొలి కోవిడ్ టీకా వేసిన మే పార్సన్స్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. ఆ ఫొటో లోకమంతా చూసింది. అలాంటి చేతులకు అంతకుముందున్న అనుభవాన్ని మాత్రం జీతం లెక్కల్లో సున్నా చేస్తున్నారు.

అలా చేయాలని నిబంధన ఏమీ లేదు. ఎన్‌హెచ్ఎస్ ఉద్యోగ షరతుల పుస్తకంలో సెక్షన్ 12.2 ఉంది. ఎన్‌హెచ్ఎస్ బయట చేసిన సర్వీసు ఈ ఉద్యోగానికి పనికొచ్చేదని అనిపిస్తే, దాన్ని లెక్కలోకి తీసుకునే అధికారం యాజమాన్యానికి ఉంది. అధికారమే గానీ బాధ్యత కాదు కాబట్టి, అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. మనవాళ్లు అడగరు. వీసా యాజమాన్యం చేతిలో ఉంది, ఇప్పుడు జీతం గురించి మాట్లాడితే ఏమనుకుంటారో అని భయం. నేను పట్టుబట్టి అడిగించినవాళ్లలో కొందరికి మెట్టు పెరిగింది. కొందరికి ‘మా దగ్గర ఆ పద్ధతి లేదు’ అన్న జవాబు వచ్చింది. పద్ధతి లేకపోతే పెట్టమని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

చదివినదాన్ని పక్కన పెట్టి వేరే పని అప్పజెప్పడం కొత్త సంగతి కాదు. గుంటూరువాళ్లు కుగ్లర్ ఆసుపత్రి అని పిలుచుకునే చోట ఆ పేరు గల డాక్టర్ అన్నా కుగ్లర్ కథ కూడా ఇదే. పెన్సిల్వేనియాలో వైద్యం చదువుకుని 1883లో గుంటూరులో దిగింది. పంపిన మిషన్ బోర్డు వైద్యానికి ఇంకా సిద్ధంగా లేదు, ఆమెను మామూలు మిషనరీగానే పంపింది. కొంతకాలం ఆడవాళ్లకు, పిల్లలకు చదువు చెబుతూనే మందులిచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆ మొదటి రోజుల్లో ఆమెకున్న చదువు ఎవరికి అక్కర్లేకపోయిందో, వాళ్ల వల్ల ఎంతమంది బాలింతలు నష్టపోయి ఉంటారో అని నేను ఆలోచిస్తాను.

ఇంత కష్టం పడి ఎందుకు వెళ్తారని అడిగేవాళ్లకు నా జవాబు పొడుగైనది కాదు. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు చెప్పిన మీదట 2016లో కేంద్రం వేసిన కమిటీ, యాభై మంచాల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. ఆ మొత్తం ఇవాళ్టికీ కళ్లజూడని అమ్మాయిలు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లు వెళ్లిపోయారని బాధపడేవాళ్లు ముందు ఆ జీతం సంగతి చూడాలి.

వరంగల్‌లోనో, కాకినాడలోనో సామాను సర్దుకుంటున్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క నాలుగు మాటలు. ‘స్టాఫ్ నర్సుగా పనిచేశారు’ అని ఒక్క ముక్క రాసిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. ఏ వార్డు, ఎన్ని మంచాలు, వెంటిలేటర్లు చూశారా, ఇన్‌చార్జి షిఫ్టులు చేశారా, జూనియర్లకు నేర్పారా, తేదీలతో సహా రాయించి నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం, ముద్ర వేయించుకోండి. జీతం స్లిప్పులు పారేయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకున్న ఆసుపత్రిని వాటి కోసం నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదని బ్రిటన్ నియమావళిలో ఉంది, కాబట్టి అడిగే ఏజెంటును నమ్మకండి. ఒప్పందంలో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుందో లేదో చదువుకోండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు, మీ సర్వీసు ఎన్నేళ్లో రాసి, సెక్షన్ 12.2 కింద లెక్కలోకి తీసుకోమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపండి. ఒక్కసారి సంతకం అయ్యాక అడిగితే వినేవాళ్లు తక్కువ.