ఈదే కవచం, పలుచని గోడ
(బి.ఎం.పి.-2 వాహన నిర్మాణంపై ఒక విమర్శ)

యుద్ధ యంత్రాలను గురించి మన విద్యార్థులు చదివే వ్యాసాలలో ఎక్కువ భాగం అంకెల పట్టికలే. బరువు ఇంత, వేగం ఇంత, ఫిరంగి ఇంత అని వరుసగా చెప్పి, చివర శత్రువుకు సింహస్వప్నమని ముగిస్తారు. యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇది చాలదు. ఏ యంత్రంలోనైనా ఒక గుణాన్ని సాధించాలంటే మరొక గుణాన్ని కొంత వదులుకోక తప్పదు. నిర్మాత ఏమి సాధించాడు, అందుకు ఏమి చెల్లించాడు, ఆ చెల్లింపు ఎవరి మీద పడింది అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది. ఆ దృష్టితో సోవియట్ దేశంలో రూపొందిన బి.ఎం.పి.-2 అనే తేలికపాటి కవచ వాహనాన్ని ఇక్కడ పరిశీలిద్దాము.

ఈ వాహనం తెలుగువారికి పరాయిది కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో, 1984లో నెలకొల్పిన మెదక్ ఆయుధ కర్మాగారంలో, దీనిని సరథ్ అనే పేరుతో తయారుచేశారు. తొలి వాహనాలను 1987లో సోవియట్ దేశం నుంచి వచ్చిన భాగాలతో కూర్చారు. తరువాత క్రమంగా భాగాలు కూడా మన దేశంలోనే తయారయ్యాయి. నాగ్ క్షిపణిని మోసే నమికా వాహనానికి ఆధారం ఈ దేహమే. క్షతగాత్రులను చేరవేసే వాహనం, మోర్టారును మోసే వాహనం కూడా ఇదే దేహం మీద వచ్చాయి.

ఏ ప్రశ్నకు ఇది జవాబు?

1960 దశకంలో సోవియట్ సేనానాయకుల ముందున్న ప్రశ్న ఇది: యూరపు మైదానాలలో అణ్వాయుధాలు ప్రయోగించిన యుద్ధం వస్తే పదాతి సైనికులు ట్యాంకులతో సమానంగా ఎట్లా ముందుకు సాగగలరు? విషపూరితమైన నేలపై కాలు మోపకుండా, వంతెనలు కూలిన నదుల దగ్గర ఆగిపోకుండా, లోపలి నుంచే పోరాడుతూ పోగల వాహనం కావలసివచ్చింది. అందుకు జవాబుగా చెల్యాబిన్‌స్క్‌లో రూపొందిన బి.ఎం.పి.-1 1966లో సైన్యంలో ప్రవేశించింది. ఒక దళాన్ని మోయడం, దానితోపాటు ఫిరంగితోనూ క్షిపణితోనూ పోరాడడం అనే రెండు పనులను ఒకే వాహనంలో కలపడం అప్పటికి గొప్ప ముందడుగు.

కాని దానిలోని 73 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు తక్కువ వేగంతో వెలువడేది. గాలి వీచితే గురి తప్పేది. 1973 అక్టోబరులో ఈజిప్టు, సిరియా సేనలు దీనిని ఇజ్రాయెల్‌పై ప్రయోగించినప్పుడు ఈ లోపాలు బయటపడ్డాయి. పైగా నాయకుడు చోదకుని వెనుక కూర్చోవడం వల్ల, వెనుకనున్న తిరుగుడు గోపురం అతని చూపునకు అడ్డు తగిలేది. వీటిని సరిదిద్దుతూ 1980లో బి.ఎం.పి.-2 వచ్చింది. నాయకుడు గోపురంలోకి మారాడు. పాత ఫిరంగి స్థానంలో 30 మిల్లీమీటర్ల స్వయంచాలక ఫిరంగి చేరింది. సైనికుల సంఖ్య ఎనిమిది నుంచి ఏడుకు తగ్గింది. వాహనాన్ని నడిపే ముగ్గురితో కలిసి లోపల పదిమంది.

తేలడానికి చెల్లించిన వెల

ఈ వాహనం బరువు సుమారు 14.3 టన్నులు. ఆర్కిమిడిస్ సూత్రం ప్రకారం అది నీటిపై తేలాలంటే 14.3 టన్నుల నీటిని, అంటే 14.3 ఘనమీటర్ల నీటిని తొలగించాలి. దీని పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు. దేహాన్ని ఒక పెట్టెగా భావిస్తే అడుగు వైశాల్యం 21 చదరపు మీటర్లు. నిజానికి ముందు భాగం ఏటవాలుగా ఉంటుంది కనుక కొంత తక్కువే, 20 అనుకుందాము. ఇక ఒక టన్ను బరువు పెరిగితే వాహనం నీటిలో ఎంత దిగుతుంది? ఒక ఘనమీటరును 20 చదరపు మీటర్లతో భాగిస్తే 5 సెంటీమీటర్లు. రెండు టన్నులకు 10 సెంటీమీటర్లు. ఎత్తు తక్కువగా ఉండాలని కోరి కట్టిన వాహనానికి నీటిపైన మిగిలే అంచు కొద్దిపాటిదే. అలలు లేచే నదిలో ఆ 10 సెంటీమీటర్లు ప్రాణాంతకం కావచ్చు.

ఇప్పుడు ఉక్కు లెక్క చూద్దాము. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు సుమారు 7,850 కిలోగ్రాములు. కనుక 10 మిల్లీమీటర్ల మందంగల రేకు చదరపు మీటరుకు 78.5 కిలోగ్రాములు తూగుతుంది. రెండు పక్కలా కలిపి 12 చదరపు మీటర్ల మేర ఈ మందాన్ని అదనంగా బిగిస్తే 942 కిలోగ్రాములు, దాదాపు ఒక టన్ను. అంటే పక్క గోడలకు ఒక్క సెంటీమీటరు ఉక్కు చేర్చితే వాహనం నీటిలో మరో 5 సెంటీమీటర్లు మునుగుతుంది. ఈత అనే షరతు నిర్మాత చేతిని పట్టుకొని ఆపే చోటు ఇదే.

ముందు గోడ, పక్క గోడ

ఉన్న బరువును ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్మాతలు తెలివిగానే నిర్ణయించారు. ముందున్న పై రేకు మందం 7 మిల్లీమీటర్లే. అయితే దానిని నిలువు నుంచి సుమారు 80 డిగ్రీలు వాల్చారు. ఎదురుగా వచ్చే గుండు ఆ రేకులో ఏటవాలుగా ప్రయాణించవలసిన దూరాన్ని త్రికోణమితితో లెక్కించవచ్చు. 80 డిగ్రీల కొసైను 0.174. 7ను 0.174తో భాగిస్తే 40 మిల్లీమీటర్లు. అంతటి వాలు మీద గుండు జారి పక్కకు తొలగే అవకాశం కూడా ఎక్కువ. ఆ రేకు వెనుకనే యంత్రం ఉన్నది. ముందు నుంచి వచ్చే దెబ్బకు అది మరొక అడ్డు. యంత్రం ముందు ఉండడం వల్ల వెనుక తలుపులు పెట్టి, సైనికులు వాహనం చాటునే దిగే ఏర్పాటు కుదిరింది. ఒకే అమరికతో రెండు ప్రయోజనాలు సాధించడం మెచ్చదగిన పని.

పక్క గోడల సంగతి వేరు. వాటి మందం 16 నుంచి 18 మిల్లీమీటర్లు. దాదాపు నిలువుగా ఉంటాయి కనుక వాలు లాభం లేదు. అవి మామూలు రైఫిలు గుండ్లను ఆపుతాయి. భారీ మెషీన్ గన్ గుండ్లు దగ్గర నుంచి తగిలితే ఆ గోడ నిలవదు. భుజం మీద పెట్టి పేల్చే ఆర్.పి.జి.-7 వంటి ఆయుధం 200 మిల్లీమీటర్లకు మించిన ఉక్కును చీల్చగలదు. దాని ముందు ఈ గోడ లెక్కలోకి రాదు. మైదానంలో శత్రువు ముందే ఉంటాడనుకున్నప్పుడు ఈ పంపకం న్యాయమే. శత్రువు ఏ వైపు నుంచైనా రాగల కొండదారిలోనో నగర వీధిలోనో ఆ లెక్క తలకిందులవుతుంది.

ఆయుధాల మంచిచెడ్డలు

30 మిల్లీమీటర్ల ఫిరంగి ఈ వాహనానికి ప్రాణం. దాని గొట్టం 74 డిగ్రీల వరకు పైకి లేస్తుంది. కొండ శిఖరం మీది శత్రువునూ, తక్కువ ఎత్తున ఎగిరే హెలికాప్టరునూ గురిపెట్టగలదు. కవచాన్ని ఛేదించే గుండ్లు, పేలుడు గుండ్లు రెండు వేర్వేరు పట్టీలలో ఉంటాయి కనుక ఒకదాని నుంచి మరొకదానికి వెంటనే మారవచ్చు. ఉన్నవి మొత్తం 500 గుండ్లు. నిమిషానికి 550 చొప్పున ఎడతెగకుండా పేల్చితే నిమిషం లోపే ఖాళీ. వేగం గొప్పదని పట్టిక చెబుతుంది. పొదుపుగా వాడాలన్న సంగతి లెక్క చెబుతుంది.

ట్యాంకులపై ప్రయోగించే కొంకుర్స్ క్షిపణి 4 కిలోమీటర్ల దూరం పోతుంది. దాని వేగం సెకనుకు సుమారు 200 మీటర్లు. కనుక చివరి వరకు చేరడానికి 20 సెకన్లు పడుతుంది. అంతసేపూ వాహనం ఆగి ఉండాలి, గురికాడు లక్ష్యం మీదనుంచి చూపు మరల్చరాదు. పలుచని గోడల వాహనానికి ఒకచోట 20 సెకన్లు నిలవడం తక్కువ కాలమేమీ కాదు. రాత్రి చూపు కోసం తొలి వాహనాలలో పరారుణ కాంతి దీపాన్ని అమర్చారు. పరారుణ కిరణాలు మామూలు కంటికి కనబడవు. అదే పరికరం శత్రువు దగ్గర ఉంటే, దీపం వేసినవాడే అతనికి ముందు కనబడతాడు.

లోపల కూర్చున్నవారు

వాహనం ఎత్తు సుమారు 2.45 మీటర్లు. దూరం నుంచి కనబడకుండా ఉండడానికి ఇది మేలు. ఆ ఇరుకును భరించేది లోపలి సైనికుడు. వెనుక ఆరుగురు వీపు వీపు ఆనించినట్లు, ముఖం బయటి గోడల వైపు పెట్టి కూర్చుంటారు. గోడలలోని రంధ్రాల నుంచి తుపాకులు పేల్చడానికి ఈ ఏర్పాటు. కాని ఊగే వాహనంలో నుంచి చిన్న రంధ్రం గుండా పేల్చిన తుపాకికి గురి కుదరడం కష్టం.

అంతకంటె తీవ్రమైన లోపం ఇంధనం అమరికలో ఉన్నది. వాహనంలో పట్టే డీజిల్ సుమారు 460 లీటర్లు. అందులో పెద్ద తొట్టి ఆ రెండు వరుసల సైనికుల మధ్యనే ఉన్నది. మిగిలినది వెనుక తలుపుల లోపల. బయటపడవలసిన దారిలోనే ఇంధనం! డీజిల్ పెట్రోలంత సులభంగా అంటుకోదన్న మాట నిజమే. కాని కవచాన్ని చీల్చి వచ్చే లోహధార ముందు ఆ తేడా పెద్ద ఊరట కాదు. యుద్ధంలో తలుపు తొట్లను ఖాళీ చేసి ఇసుక నింపుకొన్న సందర్భాలు ఉన్నాయి. యంత్రం వాడేవారు నిర్మాతకు వ్రాసిన విమర్శలేఖగా దానిని చదువుకోవాలి.

యుద్ధం పెట్టిన పరీక్ష

1979 నుంచి 1989 వరకు ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగిన యుద్ధం ఈ నిర్మాణానికి అసలు పరీక్ష. అక్కడ ఈదవలసిన నదులు తక్కువ, దారుల్లో పాతిన మందుపాతరలు ఎక్కువ. వాహనం అడుగు చదునుగా ఉన్నందున కిందినుంచి వచ్చే పేలుడు శక్తి పక్కలకు చెదరిపోకుండా లోపలివారికే తగిలేది. సైనికులు లోపల కూర్చోవడం మాని పైకప్పు మీద కూర్చొని ప్రయాణించసాగారు. గుండు తగిలే ప్రమాదం కంటె లోపల చిక్కుకొనే ప్రమాదమే పెద్దదని వారు లెక్కవేసుకొన్నారు. 1994-95లో గ్రోజ్నీ నగర వీధులలో పక్కలనుంచీ పైనుంచీ వచ్చిన దెబ్బలకు ఈ జాతి వాహనాలు పెక్కు నాశనమైనాయి. 2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంలోనూ సైనికులు పైకప్పు మీద ప్రయాణించే దృశ్యాన్ని లోకమంతా చూసింది. తనను కాపాడడానికి కట్టిన గదిని సైనికుడు నమ్మలేకపోయినప్పుడు, ఆ నిర్మాణంపై అంతకు మించిన తీర్పు మరొకటి ఉండదు.

నిర్మాతలకు ఇది తెలియనిది కాదు. ఆఫ్ఘనిస్తాన్ కోసం పక్క గోడలకు అదనపు ఉక్కు బిగించి బి.ఎం.పి.-2డి అనే రూపాన్ని తెచ్చారు. అది ఈదలేదు. అమెరికావారి బ్రాడ్లీ వాహనం కూడా మొదట అదనపు తెర కట్టుకొని ఈదేదే. కవచం పెంచుతూపోయిన తరువాతి నమూనాలలో ఆ సామర్థ్యాన్ని వదులుకున్నారు. రెండు ప్రత్యర్థి దేశాలు వేర్వేరు దారులలో ఒకే చోటికి చేరడం గమనించదగినది.

మన నేల, మన అవసరం

అయితే ఈతను పూర్తిగా తోసిపుచ్చడం కూడా తొందరపాటే. పంజాబు నేల కాలువల నేల. 1965 యుద్ధంలో లాహోరు ముందున్న ఇచ్ఛోగిల్ కాలువ ఎంతటి అడ్డంకి అయిందో చరిత్ర చెబుతుంది. అటువంటి చోట వంతెన కోసం వేచి ఉండనక్కరలేని వాహనం విలువైనది. మెత్తని నేలపై కూడా దీని తేలికదనం పనికివస్తుంది. వెడల్పాటి గొలుసుపట్టాల వల్ల నేలపై పడే పీడనం చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోగ్రాములకు మించదు. 65 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక పాదం కింద కలిగే పీడనం సుమారు 0.5. పద్నాలుగు టన్నుల యంత్రం మనిషి అడుగు కంటె కొంచెమే ఎక్కువగా నేలను నొక్కుతుంది.

లడఖ్‌లో కథ మారుతుంది. 2020లో అక్కడ మన సేన ఈ వాహనాలను మోహరించింది. 4,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఈ వాహనపు 300 అశ్వసామర్థ్యాల డీజిల్ యంత్రానికి గాలిని ఒత్తి నింపే టర్బో పరికరం లేదు. ప్రాణవాయువు తగ్గితే శక్తి తగ్గుతుంది. మైదానంలో టన్నుకు 21 అశ్వసామర్థ్యాలు ఉన్న వాహనం కొండపై అంతటి చురుకుదనం చూపలేదు. అక్కడ అదనపు ఉక్కు మోయించడం మరింత కష్టం.

కనుక బి.ఎం.పి.-2 చెడ్డ యంత్రమని తీర్పు చెప్పడం సరికాదు. అది తనను అడిగిన ప్రశ్నకు చక్కని జవాబు. తరువాతి కాలంలో దానిని వేరే ప్రశ్నలకు కూడా జవాబుగా వాడుకొన్నారు. ఫిరంగి, వాలు కవచం, వెనుక తలుపులు నిలబడదగిన గుణాలు. చదునైన అడుగు, సైనికుల మధ్య ఇంధనం, పలుచని పక్క గోడలు మళ్ళీ చేయరాని తప్పులు. మొదటి రెండింటిని సరిదిద్దడానికి ఈతను వదులుకోనక్కరలేదు. తొట్టి చోటు మార్చడం ప్రధానంగా అమరిక సమస్య. మూడవదానికి మాత్రం ఎంపిక తప్పదు.

దీని స్థానంలో కొత్త వాహనం నిర్మించాలనే ప్రయత్నం మన దేశంలో 2010 ప్రాంతం నుంచి సాగుతున్నది. దాని నుంచి కోరిన గుణాలలో ఈత కూడా ఒకటి. అన్ని వాహనాలూ ఈదాలా, కాలువల ప్రాంతానికి ఒక రూపం, కొండలకు మందమైన గోడలతో మరొక రూపం ఉండరాదా అన్నది తేల్చవలసిన ప్రశ్న. దానికి రెండు రకాల భాగాలు, రెండు రకాల శిక్షణ కావాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చును కాగితం మీద చూడవచ్చు. పలుచని గోడ ఖర్చు కాగితం మీద కనబడదు. దానిని గోడ పక్కన కూర్చున్న సైనికుడు చెల్లిస్తాడు.

ఉపాధ్యాయులు పై లెక్కలను తరగతిలో చేయించవచ్చు. 10 మిల్లీమీటర్ల ఉక్కుకు బదులు, ఘనమీటరుకు 2,700 కిలోగ్రాములు తూగే అల్యూమినియం వాడితే బరువు ఎంత అవుతుంది, అంతే రక్షణకు ఎంత మందం కావలసివస్తుంది అని అడగవచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు నిమిషంలో వస్తుంది. రెండవదానికి సాంద్రత ఒక్కటే చాలదని, లోహపు గట్టిదనమూ లెక్కలోకి రావాలని విద్యార్థులే కనుగొంటారు. నిర్మాతల అసలు తర్జనభర్జన అక్కడినుంచే మొదలవుతుంది.