బీభత్సమునకు ఉపశమనము: ఒక అమెరికన్ గానసంపుటి, గంజాము రంగస్థల సంప్రదాయము

గంజాము మండలమున ప్రహ్లాద నాటకము ఆడు రాత్రి ప్రేక్షకులు ముఖ్యముగా ఎదురుచూచునది ఒక్క ఘట్టమునకే. రాత్రి యంతయు హిరణ్యకశిపుడు మెట్లవేదికపై ఎక్కుచు, దుముకుచు, గాహకుని పాటకు అడుగు వేయుచు తన గర్వమును ప్రదర్శించును. మద్దెలయు తాళములును తెంపు లేక మ్రోగును. తుదకు స్తంభము వెనుకనుండి నరసింహుడు వెలువడును. ఆ పాత్రధారి ధరించు ముఖము వట్టి రంగస్థల పరికరము కాదు, పూజలందుకొను ముఖము. దానిని ధరించువాడు ఉపవాసముండును. ధరించిన పిమ్మట అతనికి ఆవేశము కలుగుననియు, ఎదుటి పాత్రధారిపై నిజముగనే విరుచుకొని పడుననియు అందరును ఎరిగియుందురు గనుక బలవంతులు కొందరు అతనిని పట్టియుంచుటకు సిద్ధముగా నిలిచియుందురు. ఆ ఉద్రేకము తారస్థాయి నందుకొనిన పిమ్మట అతనిని శాంతింపజేయుదురు. ముఖము మరల దాని పూజాస్థానమునకు చేరును.

ఈ నాటకము జలంతర ప్రభువైన రామకృష్ణ ఛోటరాయదేవుని పేర పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి ప్రసిద్ధమైనది. ఆస్థానకవి గౌరహరి పరిచ్ఛా హస్తము ఇందున్నదని చెప్పువారును కలరు. భాష ఒడియా యైనను దీని నడకలో తెలుగు యక్షగాన ఛాయలు స్పష్టముగా కానవచ్చును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రము ఏర్పడువరకు గంజాము మద్రాసు రాజధానిలోనిదే గదా! దూరముననున్న తంజావూరు సీమలో, మెలట్టూరు భాగవతమేళమున వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకము ‘ప్రహ్లాద చరిత్రము’ ఆడునప్పుడును నరసింహముఖమునకు ఇట్టి పూజయే, ఇట్టి ఆవేశమే. రెండు చోట్లను నియమము ఒక్కటి: భయమును పుట్టించినవారే దానిని దింపవలెను.

ఈ నియమమును గీటురాయిగా గైకొని పరీక్షింపదగిన కృతి యొకటి అమెరికాలో 1994 జులై 19వ తేదీన వెలువడినది. మారిలిన్ మాన్సన్ అను వాద్యబృందము వారి తొలి సంపుటి అది. ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎన్ అమెరికన్ ఫేమిలీ’ అని దాని పేరు. ఒక అమెరికన్ కుటుంబ చిత్రమని అర్థము. ఒకప్పుడు ఇట్టి రికార్డు బరంపురము చేరుట దుర్లభము. నేడు తెలుగు ఇంటి బాలుడు పక్కగదిలో చెవికి యంత్రము తగిలించుకొని వినుచుండగా, అది ఏమియో పెద్దలకు తెలియనైన తెలియదు. తెలిసినవారు గోలయని కొట్టివేయుదురు. కొట్టివేయుట విమర్శ కానేరదు.

బృందము 1989లో ఫ్లోరిడా రాష్ట్రమున పుట్టినది. నాయకుడు బ్రయన్ వార్నర్ అంతకు పూర్వము పత్రికలకు సంగీతవిషయములు వ్రాయు యువకుడు. గిటారు వాద్యకుడు స్కాట్ పుటెస్కీ అతనికి తొలి తోడు. వీరు పెట్టుకొనిన పేరులోనే వీరి అభిప్రాయమంతయు నిమిడియున్నది. మారిలిన్ మన్రో జగమెరిగిన సినీతార; చార్లెస్ మాన్సన్ 1969లో జరిగిన ఘోరహత్యలకు ప్రేరకుడైన నేరస్థుడు. ఆ రెండు పేర్లను అతికించి ఒక వేషము చేసిరి. తక్కిన సభ్యులును ఇదే పద్ధతి నవలంబించిరి. అందమును క్రూరత్వమును దూరదర్శనపు పెట్టె ఒకే తక్కెడలో తూచి, రెంటికిని సమానమైన కీర్తిని ఇంటింటికి పంచుచున్నదని వారి అధిక్షేపము. అధిక్షేపము సరియైనదే. అయితే సినీతార పేరు వాడుకొనుట వేరు, హంతకుని పేరు వాడుకొనుట వేరు. ఈ భేదము మున్ముందు సంపుటిని వెంటాడును.

పదమూడు భాగములలో మొదటిది నాందీప్రస్తావన వంటిది. అదియే సంపుటిలో మిక్కిలి విచారింపదగినది. 1971 నాటి ‘విల్లీ వాంకా అండ్ ద చాక్లెట్ ఫాక్టరీ’ అను బాలల చలనచిత్రమున మిఠాయి కర్మాగారపు యజమాని పిల్లలను, వారి పెద్దలను పడవ నెక్కించి చీకటి సొరంగములోనికి తీసికొనిపోవుచు, ఎచటికి పోవుచున్నామో తెలియని దారిని గూర్చి మాటలు వల్లించును. ఆ మాటలనే ఈ గాయకుడు చదివినాడు. క్రొత్తగా భయంకరమైన దేదియు కల్పింపలేదు. అమెరికన్ తల్లిదండ్రులు పండుగనాడు పిల్లలను కూర్చుండబెట్టి చూపించిన చిత్రములోనే ఆ భయమున్నదని ఎత్తిచూపినాడు, అంతే. ఇంటిలో నున్న వస్తువునే తీసి, వెలుతురు మార్చి, ఇంటివారికే చూపుట మంచి అధిక్షేపకవి లక్షణము. ముఖచిత్రముపై కొలువుదీరిన వికృతమైన బొమ్మల కుటుంబమును ఇదే మాట చెప్పును.

భరతుడు భయానకమును మూడు విధములుగా విభజించెను: వ్యాజమువలన కలుగునది, అపరాధమువలన కలుగునది, బెదరింపువలన కలుగునది. ఈ నాందిలోనిది వ్యాజభయము. వేషమని తెలిసియు వెరచుట. బరంపురమున రెండేండ్లకొకమారు జరుగు బుఢీ ఠాకురాణి జాతరలో మ్రొక్కుబడిగా పులివేషము వేసినవాడు వీధి మలుపులో ఎదురైనప్పుడు పసివాడు తండ్రి మెడ కరచుకొనును, మరుక్షణమున నవ్వును. ఆ రెండు క్షణముల నడుమనున్నదే వ్యాజభయమునకు చోటు. భరతమతమున బీభత్సమునుండి భయానకము పుట్టును. ఈ సంపుటిలోని మేలైన పాటలలో బీభత్సమునుండి హాస్యము పుట్టుచున్నది. ఇది లక్షణవిరుద్ధమైనను దోషము కాదు. ఈ కృతికి ప్రాణమే ఇది.

రెండవ పాట పేరు ఇచట ముద్రింపదగినది కాదు. దాని విషయము మాత్రము దూరదర్శనమున మతబోధ చేయుచు ధనము రాబట్టువారి ద్వంద్వవర్తనము. వేమన యెరిగిన విషయమే. మూడవదియగు ‘లంచ్‌బాక్స్’ వేరు రకము. బడిలో బలవంతులచే తన్నులు తినుచున్న బాలుడొకడు తన ఇనుప అన్నపు డబ్బానే ఆయుధముగా నెంచి, పెద్దవాడనైనచో రాక్ గాయకుడనై ఎవరికిని లొంగనని శపథము చేయును. ప్రహ్లాదుడు కూడ బడిపిల్లవాడే, దండింపబడినవాడే! కాని ఆ బాలుని చేత డబ్బా లేదు. పిలుచుకొనుటకు ఒక దైవమున్నది. ఈ బాలునకు పిలుచుకొనుట కెవరును లేరు. అందుచే తానే నరసింహుడు కావలసి వచ్చెను. ఒక పాఠశాలలో కొన్నేండ్లు పనిచేసినవారెవరైనను ఈ పాటను విని వట్టి గోలయని అనజాలరు.

ఇక నాదమును గూర్చి. వేషములతో భయపెట్టు పాటకులు ఆ దేశమున పూర్వమే కలరు. 1950వ దశకమున స్క్రీమిన్ జే హాకిన్స్ శవపేటికలోనుండి లేచి పాడెను. 1968 ప్రాంతమున ఆర్థర్ బ్రౌన్ మండుచున్న శిరస్త్రాణము ధరించి పాడెను. వారి వాద్యములు మనుష్యుల చేతులలోనివే. 1976లో లండనులో థ్రాబింగ్ గ్రిసిల్ బృందము ఇండస్ట్రియల్ రికార్డ్స్ అను సంస్థను స్థాపించి యంత్రధ్వనిని సంగీతద్రవ్యముగా స్వీకరించెను. ఆ యంత్రధ్వనికి బరువైన గిటారు వాదనము తోడై ఇండస్ట్రియల్ మెటల్ అను రీతి ఏర్పడెను. ఈ సంపుటిని మొదట రోలీ మోసిమన్ అనునతడు రికార్డు చేయగా, ఆ ఫలితము మరీ నునుపుగా నున్నదని బృందము తృప్తి చెందలేదు. పిమ్మట నైన్ ఇంచ్ నెయిల్స్ నాయకుడు ట్రెంట్ రెజ్నర్ దానిని తిరుగరూపొందించెను. చార్లీ క్లౌసర్ తాళభాగమును యంత్రముపై కూర్చెను.

బరంపురము పట్టుమగ్గముల ఊరు. మగ్గపు చప్పుడును దినమంతయు వినినవారికి ఒక సంగతి తెలియును: ఆ చప్పుడులో కాలి త్రొక్కు, చేతి విసరు, నేతగాని అలసట, పొద్దుగూకు వేళ లయ మందగించుట వినవచ్చును. ఈ సంపుటిలోని తాళమున చాలచోట్ల మనిషి అలసట లేదు. కొట్టినచోటనే, కొట్టినంత బలముతోనే మరల మరల కొట్టును. గాయకుని గొంతు మాత్రము చీలును, బొంగురువోవును, ఊపిరి కందక తడబడును. అలయని యంత్రమునకు, అలయు గొంతునకు నడుమనున్న ఈ పోరు వలన పదములు వినబడకున్నను అర్థము వినబడును. ‘డోప్ హ్యాట్’లో ఇది చక్కగా కుదిరినది. సంపుటి రెండవ సగమున యంత్రమే గెలిచినది.

‘గెట్ యువర్ గన్’ అను పాటకు ఆధారము ఒక నిజహత్య. 1993 మార్చిలో ఫ్లోరిడాలోని పెన్సకోలా పట్టణమున గర్భస్రావ చికిత్స చేయు డేవిడ్ గన్ అను వైద్యుని, జీవరక్షణ పేరు చెప్పుకొనిన ఒకడు తుపాకితో కాల్చి చంపెను. ప్రాణము పవిత్రమనువాడు ప్రాణము తీయుట కంటె గొప్ప బీభత్సము ఏ కవి కల్పింపగలడు? వైద్యుని పేరు, తుపాకి పేరు ఒకే ధ్వని కలవి. ఆ శ్లేషపై పాట నిలిచినది. సంపుటి మొత్తమున శబ్దాలంకారము ఇంత పదునుగా పనిచేసిన తావు ఇంకొకటి లేదు.

ఇంతవరకు చెప్పినది గుణపక్షము. దోషము ‘మై మంకీ’ అను పాటలో బయటపడును. ఇందు హంతకుడైన చార్లెస్ మాన్సన్ కట్టిన పాటలోని పంక్తులను చేర్చిరి. సంపుటి పనిలో కొంత భాగము లాస్ ఏంజెలెస్ నగరమున సియెలో డ్రైవ్ అను వీధిలోని ఇంట జరిగినది. 1969 ఆగస్టులో ఆ హంతకుని అనుచరులు గర్భవతియైన నటి షారన్ టేట్‌ను, మరి నలుగురిని చంపినది ఆ ఇంటనే. రెజ్నర్ దానిని అద్దెకు తీసికొని స్టూడియోగా మార్చియుండెను. భరతుడు బీభత్సమున క్షోభజమనియు ఉద్వేగియనియు భేదము చెప్పెను: రక్తాదులవలన కలుగునది మొదటిది, మలక్రిములవలన కలుగునది రెండవది. ఆ శాస్త్రమున రంగస్థలముపై రక్తము లత్తుక నీరే. నిజముగా చచ్చినవారి నెత్తుటిని అలంకారముగా వాడుకొనినచో అది రసము కాదు. చచ్చినవారికి బంధువులుందురు, వారి చెవులకును ఈ పాట చేరును. హంతకుని కీర్తిని ఎగతాళి చేయబోయిన బృందము ఇచట ఆ కీర్తికే మరికొంత నూనె పోసినది. ‘స్నేక్ ఐస్ అండ్ సిస్సీస్’ మొదలగు పాటలలోని జుగుప్సను గూర్చి ఎక్కువ వ్రాయ పనిలేదు. నవ్వు ఉడిగిపోగా మిగిలినది ఉద్వేగియే.

అయినను అసలు లోపము వేరొకటి. ఇదే రీతికి చెందిన ఆలిస్ కూపర్ 1970వ దశకమున రంగముపై అకృత్యములు నటించి, తుదకు గిలటీనుపై తన తల తానే తెగవేయించుకొనెడివాడు; పిమ్మట పొడుగు టోపీ పెట్టుకొని నవ్వుచు మరల వచ్చెడివాడు. దుష్టునకు శిక్ష, చూచువారికి విడుదల! మన నాటకమర్యాదకు అది దగ్గర. మాన్సన్ సంపుటిలో ఆ విడుదల లేదు. గ్రామమున నరసింహుని చూచి జడిసిన బిడ్డ చుట్టును నూర్గురు మనుష్యులుందురు. గంటసేపు ఈ సంపుటిని వినిన బాలుడు మూసిన గదిలో ఒంటరిగా నుండును.

మరి, వేషము వేసినవాని సంగతి? బృందము పేరునే వార్నర్ తన పేరుగా పెట్టుకొనెను. 1996 నాటి రెండవ సంపుటితో ఆ పేరు దేశమంతట మ్రోగెను. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తోటివారిని కాల్చి చంపగా, ఈ పాటలే కారణమని పత్రికలు దుమ్మెత్తి పోసినవి. ఆ బాలురు ఈ బృందపు అభిమానులే కారని పిమ్మట తెలిసినది. అది వేషముపై మోపిన అన్యాయపు నింద. 2021లో పలువురు స్త్రీలు చేసిన హింసారోపణలు వేషముపై కాక మనిషిపై వచ్చినవి. అతడు వానిని నిరాకరించెను. కాలపరిమితి దాటినందునను, సాక్ష్యము చాలనందునను అభియోగము మోపుట లేదని 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ న్యాయవాది ప్రకటించెను. న్యాయస్థానము తేల్చని దానిని విమర్శకుడు తేల్చరాదు. కాని ముప్పది యేండ్లు ముసుగు తీయనివాని విషయమున ఎచట వేషము ముగిసినదో, ఎచట మనిషి మొదలైనాడో వినువారికి తెలియకపోవుట ఈ కళలోనే యున్న చిక్కు. నరసింహ ముఖమును మోసినవాడు తెల్లవారినంతనే తన పేరుతో తన ఇంటికి పోవును.

సంపుటి చివరి పాట ‘మిజరీ మెషీన్’ ముగిసిన పిమ్మట కొంతసేపు నిశ్శబ్దము. వినువాడు అయిపోయినదని లేవబోవును. అప్పుడు టెలిఫోను మ్రోగును. ఒక తల్లి గొంతు. నటి గొంతు కాదు. తన కుమారునకు బృందమువారు పంపుచున్న కాగితములను ఆపవలెననియు, వాని పేరు తమ జాబితానుండి తీసివేయవలెననియు కోపముతో హెచ్చరించును. పరిహాసమునకై బృందము దానిని అచట చేర్చినది. కాని గంటసేపటి ముసుగుల నడుమ ముసుగు లేని గొంతు అదొక్కటే. కుటుంబ చిత్రమని పేరు పెట్టిన ఈ కృతిలో, తన బిడ్డకై ఒకరు అడ్డుపడిన తావును అదొక్కటే.