ఫాక్‌లాండ్ రోడ్డులో గడ్డి ఎక్కడిది?

పోయిన వారం పెత్రమాస. మా చాల్ ఆడవాళ్ళ ఎంగిలిపూల బతుకమ్మకు బంతిపూలు దాదర్ మార్కెట్ నుంచి వచ్చాయి. గునుగు, తంగేడు మాత్రం ఊరి బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి దిగాయి. ఆ హడావుడిలోనే పక్క ఖోలీ కుర్రాడు ఒక వెదురు పంజరం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. లోపల మునియాలు. ఎర్రవి కొన్ని, గోధుమరంగువి కొన్ని, మధ్యలో చిలకపచ్చవి నాలుగు.

"కాకా, పెద్దలకు బియ్యం ఇచ్చినం. తాత పేరు మీద ఈ పిట్టల్ని గూడ ఇడిసిపెడ్త" అన్నాడు.

గ్యాలరీ పిట్టగోడ మీద పంజరం పెట్టి తలుపు తీశాడు. అన్నీ ఒక్కసారిగా లేచి కేబుల్ తీగల మీద బారుగా కూర్చున్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చప్పట్లు. నేనూ కొట్టాను. ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఎర్ర మునియా కనిపించడమంటే నాకు బతుకమ్మ కన్నా పెద్ద పండగ. పావుగంట గడిచాక ఒక పచ్చపిట్ట ఎగరలేక మా గుమ్మం ముందు పడింది. చేతిలోకి తీసుకుంటే రంగు వేళ్ళకంటింది. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. తీగల మీద మిగిలినవాటి సంగతి కాకులు చూసుకున్నాయి.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా గ్యాలరీ సిద్ధాంతం కొత్త కాదు. పిట్టల్ని చూడటానికి అడవులకు పోనక్కర్లేదు, మెడలో దుర్బిణి వేలాడేసుకుని తెల్లవారకముందే జీపులెక్కనక్కర్లేదు, మూడో అంతస్తులో స్టూలు వేసుకుని ఓపిగ్గా కూర్చుంటే ఏడాది మొత్తం మన ముందు నుంచే నడిచి పోతుందని ఎన్నిసార్లు రాశానో. మార్చిలో కోయిల. జూన్ మొదట్లో, అదృష్టం బాగుంటే, ఆఫ్రికా నుంచి వానతో పాటు వచ్చే చాతకం అరుపు. గణపతి నిమజ్జనాల రోజుల్లో నీళ్ళ ట్యాంకుల మీద తోకాడిస్తూ దిగే జిట్టంగి. చలి మొదలైతే ఎదురు గోడ పగుల్లో మొలిచిన రావి మీదికి వంగపండు పిట్ట. నవంబరులో గిర్‌గావ్ చౌపాటీ దాకా నడిస్తే గాఠియా కోసం గోల చేసే సీగల్స్. చౌపాటీని కూడా గ్యాలరీ కిందే లెక్కేసుకుంటాను, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉత్తరం రాయవచ్చు.

వలస పక్షులు అనగానే ముంబయి తెలుగువాళ్ళను గుర్తు చేసే వక్తలు సభల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ మీద నాకున్న కోపం కూడా మీకు తెలిసిందే. పిట్ట సీజను అయిపోగానే ఇంటికి పోతుంది. మావాళ్ళు సీజనుకని వచ్చి రెండు వందల ఏళ్ళు ఉండిపోయారు.

ఎర్ర మునియా అసలు ఎక్కడికీ వలసపోదు. గింజ ఉన్నచోటికి గుంపుగా జరుగుతుంది, అంతే. ఊళ్ళో మేం జీనువాయి అనేవాళ్ళం. అయినా ఏడాదిని దాని ఒంటి మీద చదువుకోవచ్చు. మేలో ముక్కు ఎర్రబడటం మొదలవుతుంది. వానలతో మగపిట్టకు ఎర్రటి ఈకలు, వాటి మీద తెల్లటి చుక్కలు వస్తాయి. గడ్డి గింజ పట్టే రోజుల్లో గూడు, గుడ్లు, పిల్లలు. నవంబరు, డిసెంబరులకు ముక్కు రంగు ముదురుతుంది, ఏప్రిల్‌లో నల్లబడుతుంది, మేలో మళ్ళీ మొదలు. పిల్లల పని అయిపోయాక మగది ఎరుపు వదిలేసి ఆడదాని లాగే మట్టిరంగులోకి మారిపోతుంది. పంజరాలవాడికి ఇది పెద్ద ఇబ్బంది. ఎరుపు లేనినాడు బేరం లేదు. అందుకే రంగు డబ్బా.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. ఒకప్పుడు ఈ పిట్టలు అహ్మదాబాద్ నుంచి యూరప్ పోయేవి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది, 1990-91 నుంచి మన దేశపు పిట్ట ఏదీ అమ్మకూడదు, కొనకూడదు. వదిలిపెట్టడానికే కొన్నానంటే చట్టం ఒప్పుకోదు. నిజానికి ఒప్పుకోకూడదు కూడా. ఒక పంజరం ఖాళీ అయితే వలవాడు మరునాడు ఇంకో పంజరం నింపుతాడు, అదీ గూట్లో పిల్లలున్న నెలల్లో.

వల వేయకుండానే పిట్టల్ని ఎరిగిన మనిషిని తలచుకుంటే నాకు పాలమూరు గుర్తొస్తుంది. చిన్నప్పుడు కొన్నేళ్ళు అక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగాను. రబీ జొన్న పాలు పట్టే వేళకు తాత నన్ను చేనికి తీసుకుపోయేవాడు. నాలుగు గుంజల మంచె, పైన గడ్డి కప్పు. ఆయన చేతిలో వడిసెల, నా చేతిలో పగిలిన రేకు డబ్బా. పొద్దు పొడవకముందే పిట్టలు దిగేవి. మొదట జీనువాయిలు, కంకి మీద వాలితే కంకి కూడా వంగేది కాదు. తర్వాత పసుపు పొట్ట పిట్టలు వందల కొద్దీ. అవి నల్లతల బంటింగ్‌లని, బాల్కన్ల నుంచి ఇరాన్ దాకా ఎక్కడో గూడు కట్టుకుని చలికాలానికి మన జొన్న మీదికి వస్తాయని, మార్చి ఏప్రిల్‌లలో తిరిగి పోతాయని నాకు ముంబయి వచ్చాక పుస్తకాల్లో తెలిసింది. మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకలు వచ్చేవి. చేను మీద వాటి గుంపు తిరిగితే నీడ పరుగెత్తేది. అవి మిడతల్ని తింటాయి కాబట్టి రైతుకు మేలని పుస్తకం అంటుంది. తాత ముందు ఆ మాట అంటే వడిసెల నా వైపు తిరిగేది.

ఆయనకు పిట్టల మీద ప్రేమ ఏమీ లేదు. కానీ ఏది ఎప్పుడు దిగుతుందో, ఏది అరుపుకు లేస్తుందో, ఏది రాయి దెబ్బ వినపడితే తప్ప కదలదో, ఏ గాలికి ఏ గట్టు మీద వాలుతుందో చెప్పేవాడు. రాయి ఎప్పుడూ గుంపు పైనుంచి పోయేది. చంపడం ఆయన పని కాదు, లేపడమే. "ఒకటి సస్తే ఏమైతదిరా, మిగతయి తింటనే ఉంటయి" అనేవాడు. ఊరి బడి పంతులు వెదురు పొదల్లో చలికాలపు వెదురు పిచ్చుకను చూపించి, దీన్ని హిమాలయాల నుంచి దేవుడు పంపాడని చెబితే, తాత అడిగింది ఒక్కటే: జొన్న తింటదా? తినదని పంతులు చెప్పాక దాని మీద ఆసక్తి పోయింది. ఇప్పుడు ఆ చేలల్లో పత్తి. మంచెలు లేవు, వడిసెల తిప్పడం వచ్చిన చెయ్యీ లేదు. పత్తికి పిట్టలు రావు మరి.

గ్యాలరీ సిద్ధాంతానికి నేనెప్పుడూ పిలిచే సాక్షి సలీం అలీ. మా రోడ్డుకు కూతవేటు దూరంలో ఖేత్‌వాడీ. 1896లో పుట్టిన ఆయన తల్లీ తండ్రీ లేక మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ నీడన పెరిగింది అక్కడే. ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గుమ్మం ఎక్కాడు. అక్కడ మిలర్డ్ దొర సొరుగులు తెరిచి పిట్టల్ని చూపించాడు. ఇంతవరకు నేను చాలాసార్లు చెప్పిన కథే. చెప్పకుండా దాటేసిన సగం ఇంకోటి ఉంది. ఆ కుర్రాడు ఖేత్‌వాడీలో కూర్చుని సలీం అలీ కాలేదు. 1930లో కిహీం తీరాన నెలల తరబడి గిజిగాళ్ళ గూళ్ళ ముందు కూర్చున్నాడు. మరుసటి ఏడు హైదరాబాద్ సంస్థానానికి వెళ్ళి, ఊళ్ళూ అడవులూ తిరిగి అక్కడి పిట్టల లెక్క తీశాడు. మా తాతలు ఇటు వచ్చిన దారిన ఆయన అటు వెళ్ళాడన్నమాట.

ఇంకా ఇబ్బందికరమైన సంగతి మా నేలదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు కట్టి మహాలక్ష్మి దగ్గర సముద్రపు గండి పూడ్చేదాకా మా రోడ్డు ఉన్న ఈ కామాటిపురా అంతా నీళ్ళు నిలిచే పల్లం. తుంగ, గడ్డి, బురద. జీనువాయిలు అక్కడ లేవని ఎవరైనా అంటే నేను నమ్మను. తర్వాత నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీ కూలీలు దిగారు, తట్టలెత్తి మట్టి పోశారు, గుడిసెలు వేశారు, గుడిసెలు చాళ్ళయ్యాయి. నా గ్యాలరీ నిలబడింది ఆ పిట్టల గడ్డి మీదే. అలాంటిచోట గడ్డి గింజ తిని బతికే పిట్టను వదిలితే అది ఏం తింటుంది, ఎక్కడ గూడు కట్టుకుంటుంది? కాకి, గద్ద, పావురం, కోయిల మనతో సర్దుకుంటాయి. వాటిని చూడటానికి గ్యాలరీ చాలు. మునియాకు చాలదు. పిట్ట మన దగ్గరికి రావాలనే కోరికే పంజరాల మార్కెట్టుకు పెట్టుబడి. స్టూలు మీంచి కదలకుండా పిట్ట కనబడాలనుకునే నాకూ, పంజరం కొనేవాడికీ మధ్య దూరం నేను అనుకున్నంత లేదు.

పక్క ఖోలీ కుర్రాడికి ఈ ఉపన్యాసమంతా ఇచ్చాను. "అయితే తాత పేరు మీద ఏం జేయాలె కాకా?" అన్నాడు. రైలెక్కాలి అన్నాను. శాండ్‌హర్స్ట్ రోడ్డులో హార్బర్ లైను పట్టుకుని నెరూళ్‌లో మారితే 2024 జనవరి నుంచి లోకల్ నేరుగా ఉరణ్ దాకా పోతోంది. అక్కడ పాణజే వైపు ఇంకా చిత్తడి ఉంది, నడుములోతు గడ్డి ఉంది. దాని మీద కన్నేసినవాళ్ళూ ఉన్నారు కాబట్టి తొందరగా వెళ్ళడం మంచిది. అంత దూరం వద్దనుకునేవాళ్ళకు భాండుప్ పంపింగ్ స్టేషన్ దారి. ఈ నెలలో అయితే మగవి ఎర్రగా కనిపిస్తాయి. మార్చిలో వెళ్ళేవాళ్ళు ఎరుపు కోసం వెతక్కండి, ముదురు రంగు ముక్కు, తోక మొదట కొద్దిపాటి ఎరుపు చూసి పోల్చుకోండి. చూడటం వచ్చిందో లేదో తేలేది ఆ నెలలోనే.

ఈ ఆదివారం మొదటి లోకల్‌కు మేమిద్దరం పోతున్నాం. దుర్బిణి మాత్రం మెడలో వేసుకోను. ఆ విషయంలో నేనింకా మారలేదు.