'మూన్‌స్టోన్': గారడీ వేషం ఎవరిది?

విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'ది మూన్‌స్టోన్' చదివినవాళ్లు దొంగ ఎవరన్న దగ్గరే ఆగిపోతారు. మేం ఆగింది వేషం దగ్గర.

1799లో శ్రీరంగపట్నం లూటీలో ఒక ఇంగ్లీషు అధికారి కాజేసిన వజ్రం 1848లో యార్క్‌షైర్‌లో ఒక గొప్పింటి నుంచి మాయమవుతుంది. దాని కోసం ముగ్గురు బ్రాహ్మణులు గారడీవాళ్లుగా వస్తారు. మర్త్‌వెయిట్ అనే యాత్రికుడు వాళ్ల త్యాగాన్ని లెక్కగడతాడు: సముద్రం దాటి ఒకసారి, గారడీ వేషం కట్టి ఇంకోసారి కులం పోగొట్టుకున్నారట! అయితే గారడీయే బతుకైన కులాల సంగతేంటి? ముగ్గురికి మైల అయిన పని వాళ్లకు పుట్టుకతో వచ్చిన కూడు. ఈ ప్రశ్న నవలకు తట్టదు. సోమనాథ్ దగ్గర వేలాది భక్తుల ముందు ముగ్గురూ విడిపోయే ఘట్టాన్ని మాత్రం కన్నీళ్లు వచ్చేట్టు రాశాడు.

కాలిన్స్‌కు కిందివాళ్లు కనపడరని కాదు. జైలుకెళ్లొచ్చిన పనిమనిషి రొసానా రంగంటిన నైట్‌గౌను దాచి ఫ్రాంక్లిన్ బ్లేక్‌ను కాపాడుతుంది, ఊబిలో దిగి చచ్చిపోతుంది. సార్జెంట్ కఫ్ అంతటి మొనగాడు కూడా ఆమెను దొంగతనంలో తోడుగానే చూశాడు. ఆమె స్నేహితురాలు, బెస్తవాళ్ల పిల్ల లూసీ మాత్రం పేదలు డబ్బున్నోళ్ల మీద తిరగబడే రోజు వస్తుందని మొహం మీదే అంటుంది. బ్లేక్ నల్లమందు మత్తులో వజ్రం తీశాడని రుజువు చేసినవాడు ఎజ్రా జెన్నింగ్స్, మిశ్రమ రక్తంవాడని ఊరు దూరం పెట్టిన మనిషి. అతని సమాధి మీద పేరు కూడా లేదు.