పలికింది ఒకటి, కింద రాసింది ఇంకొకటి

మన హోసూరు పక్క పల్లెల్లో పెద్దవాళ్ళ మాటలు వీడియో తీసి, కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేసి పంచుతున్నారు. మంచి పని. అలాంటిది ఒకటి పోయిన వారం మొదటినుంచి చివరిదాకా చూశాను. శ్రద్ధగా తీశారు, గొంతు స్పష్టంగా వినబడుతోంది. నా పేచీ అంతా కింద వేసిన రాతతోనే.

అవ్వ 'మడక' అంటుంది, కింద 'నాగలి' అని పడుతుంది. 'నా తావ' అంటే 'నా దగ్గర'. 'బిరీన' అంటే 'త్వరగా'. 'వస్తాండా' అంటే 'వస్తున్నాను'. విజయవాడలో చూసేవాళ్ళకు అర్థం కావాలి కదా అంటారు. న్యాయమే. కానీ మన పిల్లలు చాలామంది చదివేది తమిళంలో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరం వాళ్ళ కంట పడేదే ఇలాంటి చోట. అవ్వ తప్పు మాట్లాడింది, కింద దిద్దారు అనుకోరా? ఇక వినికిడి తగ్గిన మా వయసువాళ్ళ సంగతి చూడండి. అవ్వ 'మడక' అన్నదనే వాళ్ళకు తెలియదు.

ఇక్కడ పనులు రెండు. పలికింది పలికినట్టు రాయడం ఒకటి, తెలియనివాళ్ళకు అర్థం చెప్పడం ఇంకొకటి. రెంటినీ ఒకే వరుసలో ఇరికించి, మొదటిదాన్ని వదిలేశారు. పైగా రాతను బొమ్మ మీదే అచ్చేశారు. ఇక తీయడానికీ లేదు, దిద్దడానికీ లేదు, మాట పట్టి వెతకడానికీ లేదు.

బ్యాంకు లెడ్జరులో తప్పు పడిన అంకెను కూడా గీకి చెరపనివ్వరు. కనబడేలా గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఇక్కడ తప్పే కాని మాటను చెరిపేశారు.

దీనికి దారి ఉంది. 'ఎంకేవీ' అని ముగిసే ఫైళ్ళు చూసే ఉంటారు. ఆ పద్ధతి పేరు మట్రోస్కా, 2002లో మొదలైంది. బొమ్మలో బొమ్మ దూరే రష్యా కొయ్యబొమ్మ పేరునుంచి వచ్చిన పేరు. ఎవరికీ రుసుము కట్టక్కరలేదు. దాని కట్టుబడి వివరాలు 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9559గా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అది ఒక పెట్టె అనుకోండి. బొమ్మ ఒక అర, శబ్దం ఒక అర, రాతకు ఎన్ని అరలైనా పెట్టుకోవచ్చు. ఒకదానిలో అవ్వ మాట, ఇంకొకదానిలో అందరి తెలుగు. చూసేవాళ్ళు వీఎల్‌సీలో కావలసినది ఎంచుకుంటారు. ఎంకేవీ టూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో బొమ్మ నాణ్యత తగ్గకుండానే ఇవన్నీ ఒకచోట చేర్చవచ్చు.

ఒక జాగ్రత్త. రెండు అరలకూ భాష గుర్తు తెలుగే పడుతుంది. పేరు గడి ఖాళీగా వదిలితే ఏది ఏదో చూసేవాళ్ళకు తెలియదు. 'హోసూరు మాట', 'అందరి తెలుగు' అని తప్పక రాయండి.

వాట్సాప్‌లో పంపడానికి రాత అచ్చేసిన ప్రతి వేరే చేసుకోండి, తప్పులేదు. దాచుకునే ప్రతిని మాత్రం ఇలా చేసి, రెండు రాతలనూ ఎస్‌ఆర్‌టీ ఫైళ్ళుగా పక్కన ఉంచండి. అవి మామూలు అక్షరాల ఫైళ్ళే, ప్రతి వాక్యానికీ సమయం ఉంటుంది. అలాంటివి పది ఊళ్ళనుంచి చేరితే 'మడక' ఎక్కడ, ఎన్నో నిమిషంలో పలికిందో ఒక్క వెతుకులో దొరుకుతుంది. ఆ వీడియో తీసినవాళ్ళు ఇది చదువుతుంటే, అసలు రికార్డింగు ఇంకా మీ తావే ఉంటుంది. దయచేసి అవ్వ మాటను ఇంకొకసారి విని, విన్నట్టే రాయండి.