రెండో వైపు తిప్పితే

ఏడాదికోసారి నా అలమారలోని పింక్ ఫ్లాయిడ్ రికార్డులన్నీ దించి, అవి వచ్చిన వరుసలోనే మళ్ళీ వింటాను. ఆ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా, ఎందుకీ అవస్థ అని ఇంట్లోవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నలభై ఏళ్ళుగా రికార్డులు పోగేస్తున్నవాడిగా నా జవాబు ఒక్కటే. ఈ లండన్ బృందం ఎల్పీకి ఉన్న రెండు వైపుల్నీ, ఒక్కో వైపుకు పట్టే ఇరవై పైచిలుకు నిమిషాల్నీ, మధ్యలో మనం లేచి ప్లేటు తిప్పే ఆ కాస్త విరామాన్నీ లెక్కలో పెట్టుకుని సంగీతం కట్టింది. వైపు లేకపోతే ఆ కట్టుబడి కనిపించదు.

78 స్పీడు ప్లేటుకి వైపుకు మామూలుగా మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగానే పట్టేది. మన రంగస్థల పద్యాలు పాడినవాళ్ళు రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకే కుదించుకున్నారు. 1948లో ఎల్పీ వచ్చాక జాగా పెరిగింది గానీ ఇబ్బందులు పోలేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ప్లేటు మీద, అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి జారిపోతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అందుకే వైపు చివర తాళపు చప్పుళ్ళు, గొంతులోని ‘స’కారాలు కాస్త గరగరలాడతాయి. బరువైన మంద్రస్వరాలకి గాడి వెడల్పుగా కావాలి. నిమిషాలు పెరిగేకొద్దీ గాడుల్ని దగ్గరదగ్గరగా చెక్కాలి కాబట్టి శబ్దం తగ్గించుకోక తప్పదు.

ఇప్పుడు 1971 నాటి ‘మెడిల్’ తీసుకోండి. రెండో వైపంతా ఒకటే రచన, ‘ఎకోస్’. ఇరవైమూడున్నర నిమిషాలు. రిచర్డ్ రైట్ పియానో మీద పలికించిన ఒక్క స్వరాన్ని తిరిగే లెస్లీ స్పీకర్‌ గుండా పంపారు. నూతిలో నీటిబొట్టు పడ్డట్టుంటుంది ఆ మొదలు. ముల్లు వేగంగా నడిచే శుభ్రమైన అంచు మీద ఆ బొట్టు పడుతుంది. గాడి వేగం, స్పష్టత తగ్గే లోపలి చుట్లలో సంగీతం కూడా సద్దుమణిగి, మెల్లగా పైకి లేచి మాయమవుతుంది. ప్లేటు స్వభావానికి ఇంత చక్కగా కుదిరిన రచన నాకింకొకటి తెలియదు.

‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973 మార్చిలో వచ్చింది. నిక్ మేసన్ డ్రమ్ము మీద పుట్టిన గుండె చప్పుడుతో మొదలై, దానితోనే ముగుస్తుంది. మొదటి వైపు చివర క్లేర్ టోరీ మాటల్లేకుండా పాడిన ఆలాపన ఉంది. మరణం గురించిన ఘట్టం అది. రికార్డింగు రోజున ఆమెకి ముట్టింది 30 పౌండ్లు. రచనలో పేరు మాత్రం 2005లో కోర్టు బయట రాజీ కుదిరాకే దక్కింది. ఆ గొంతు సన్నగిల్లి ఆగిపోతుంది, గదిలో నిశ్శబ్దం. మనం లేచి ప్లేటు తిప్పి ముల్లు దించగానే చిల్లర గలగల! నాణేల మోత, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ టంగుమనడం: టేపు ముక్కల్ని స్కేలుతో కొలిచి, కోసి, గుండ్రంగా అతికించి తిప్పారు. ఈ పాట తాళం లెక్క ఏడు, మన మిశ్రచాపులాగే. డేవిడ్ గిల్మోర్ గిటార్ విజృంభించే చోట మాత్రం నాలుగుకి మారుతుంది. చావు తర్వాత డబ్బు. ఆ రెంటి మధ్య నిశ్శబ్దం వినేవాడి చేతిలో పెట్టారు. సీడీలో, ఫోన్లో ఆ నిశ్శబ్దం రెప్పపాటులో అయిపోతుంది.

1975 నాటి ‘విష్ యు వర్ హియర్’లో ఇంకో పద్ధతి. తొలినాటి నాయకుడు సిడ్ బ్యారెట్‌ను తలచుకుంటూ చేసిన తొమ్మిది భాగాల రచనను బృందంలోని రోజర్ వాటర్స్ పట్టుబట్టి విడగొట్టించాడు. అయిదు భాగాలు మొదటి వైపు ఆరంభంలో, నాలుగు రెండో వైపు ముగింపులో. ఆ ఏడాది జూన్‌లో బ్యారెట్ ఉన్నట్టుండి స్టూడియోకి వచ్చాడు. తల, కనుబొమలు గొరిగించుకుని ఉన్న అతన్ని స్నేహితులే వెంటనే గుర్తుపట్టలేకపోయారు. ఇది తెలిశాక ఆ రెండో వైపు చివరిదాకా తేలిగ్గా వినలేం. దాని తర్వాతి ‘యానిమల్స్’కి రావలసినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. ‘ద వాల్’ నాలుగు వైపుల్లో మూడోది చాలు నాకు.

సేకరించేవాళ్ళం గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీని కూడా చదువుతాం. ఇంగ్లండులో ఈఎంఐ అచ్చువేసిన ప్లేట్ల మీద అక్కడ చిన్న అక్షరాలుంటాయి. ‘గ్రామఫ్ ఎల్‌టీడీ’ అని పలికే పది ఇంగ్లీషు అక్షరాలు ఒకటి నుంచి సున్నా దాకా అంకెలకు గుర్తులు. జి అంటే ఒకటి, ఆర్ అంటే రెండు. ఏ స్టాంపర్‌తో, అంటే ఏ అచ్చుపలకతో, ఆ ప్లేటు అచ్చయిందో అవి చెబుతాయి. ‘డార్క్ సైడ్’ తొలి అచ్చుల లేబుల్ మీద త్రిభుజం నిండా నీలం ఉంటుంది, తర్వాతివాటిలో గీతలే. ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత పుస్తకాల మధ్య నాకు దొరికినదానికి గీతలే ఉన్నాయి. దాన్నే ఎక్కువసార్లు విన్నాను.

‘ఆటమ్ హార్ట్ మదర్’ రెండో వైపు చివర కుళాయి బొట్లు కారుతుంటాయి. 1970 నాటి ఎల్పీలో ఆ చప్పుడును ఆఖరి చుట్టులోకీ చెక్కారు. ముల్లు ఎత్తేదాకా బొట్టు పడుతూనే ఉంటుంది.

మీ ఇంట్లో అటకమీద ఎల్పీలుంటే, ఎవరివైనా సరే, దించండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి, నిలబెట్టండి. కొత్త ముల్లు వేయించండి. ఒక వైపు పూర్తిగా విని, మీరే లేచి తిప్పండి.