గుమ్మంలో నిలబడి చెప్పిన మాట

కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాళ్ల వాక్యం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ‘మహారాజశ్రీ’తో మొదలై, ‘నిరుపేదను’ మీదుగా సాగి, ‘తమ దయ’ దగ్గర ఆగుతుంది. ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే ముందు నడుం వంచాలని తాతల నాటి అలవాటు. వేదికెక్కితే సరిగ్గా తలకిందులు. గొంతు పెంచుతాం, ప్రాస బిగిస్తాం, చప్పట్ల కోసం ఓ క్షణం ఆగుతాం. ఈ రెండూ కాని మూడో తీరు ఒకటి 2013 వానాకాలంలో నియమగిరి కొండల మీద వినబడింది. ఉపన్యాసకళ నేర్పేవాళ్లు దాన్ని పాఠంగా పెట్టుకుంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు పార్వతీపురం దాటాక రాయగడ, ఆ పైన మునిగుడ వస్తాయి. నియమగిరి ఆ చుట్టుపక్కలదే. 1936 దాకా ఇందులో రాయగడ వైపు భాగం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, జయపురం జమీందారీ. ఆ తర్వాత ఒడిశాలో కోరాపుట్ జిల్లా అయింది. 1992లో రాయగడ దాన్నుంచి వేరుపడింది. ఇక్కడి సెలయేళ్ల నీరు వంశధారలో కలిసి శ్రీకాకుళం పొలాలకు చేరుతుంది. కొండమీది డొంగ్రియా కొంధుల భాష కువి. తెలుగూ కువీ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మవి. ‘ఇల్లు’కు వాళ్లూ ఇంచుమించు ఇదే మాట వాడతారు.

కొండ నెత్తిన సుమారు 7 కోట్ల టన్నుల బాక్సైట్ ఉంది. కొండ కింద, లాంజిగఢ్‌లో, వేదాంత కంపెనీ వాళ్ల శుద్ధి కర్మాగారం ఉంది. గని తవ్వాలా వద్దా అన్న తగువు ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, డొంగ్రియాల మతపరమైన, సాంస్కృతికమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడుగా ఉండాలని కూడా చెప్పింది. కొండ మీద వందకు పైగా ఊళ్లున్నా రాష్ట్ర ప్రభుత్వం పన్నెండింటినే ఎంచింది. రాయగడలో ఏడు, కలహండిలో అయిదు. జూలై 18న సెర్కపాడిలో మొదలైన పల్లీసభలు (ఊరి స్థాయి గ్రామసభలు) ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. పన్నెండూ వద్దన్నాయి.

ఎలా అన్నాయన్నదే నా ఆసక్తి. డొంగ్రియాల కులదైవం నియమరాజు. ఆ పేరులోని ‘నియమం’ మనకు విడమరచనక్కర్లేదు. ప్రభుత్వం లెక్కలో ఆయన నెలవు హుండల్‌జలి శిఖరం. గని తవ్వే చోటు అక్కడికి పది కిలోమీటర్లు. కాబట్టి సభల ముందున్న ప్రశ్న, అంత దూరంలో తవ్వితే దేవుడికి ఇబ్బందా అని. ఈ ప్రశ్నకు అవుననో కాదనో జవాబిచ్చిన మరుక్షణం మాట్లాడేవాడు ఓడినట్టే. అవునంటే కొలతలు అడుగుతారు, కాదంటే తవ్వుతారు. సభల్లో మాట్లాడినవాళ్లు ఆ కొలబద్దనే పక్కన పెట్టేశారు. కొండంతా ఆయనే, ఇక దూరమెక్కడిది? అటవీహక్కుల చట్టం కింద కొలిచిచ్చిన భూమి చెక్కల విషయంలోనూ అంతే. ముక్కలు పుచ్చుకోకుండా మొత్తం నియమగిరి మీద హక్కు అడిగారు. వాదనలో ఇంతకన్నా పదునైన ఎత్తు నాకు తెలీదు. ఎదుటివాడి ప్రశ్నలో దాగిన ఊహను పట్టుకుని, దానికి జవాబివ్వకుండా దాన్నే కాదనడం.

ఇంకొకటి గమనించాలి. కువిలో పలికిన మాట ఒడియాలో నమోదు కావాలి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్లి ఢిల్లీ చేరాలి. ఇన్ని చేతులు మారేసరికి అలంకారం మిగలదు. మన అంత్యప్రాసలు, జంటపదాలు రాయగడ స్టేషను దాటకుండానే రాలిపోతాయి. మిగిలేది పొట్టి వాక్యం, చేత్తో ముట్టుకోగల నామవాచకం: వాగు, దుంప, పనస, అనాస, పసుపు. బుధవారం చటికోన సంతకు డొంగ్రియాలు దింపే సరుకు చూసినవాళ్లకు ఈ జాబితా కవిత్వంగా కాక ఆస్తిపత్రంగా వినబడుతుంది. పన్నెండు ఊళ్లు పన్నెండుసార్లు దాదాపు ఒకే మాట చెప్పడం కూడా బలమే. ఒకరు పదిసార్లు అంటే నినాదం అవుతుంది, పది ఊళ్లు ఒక్కోసారి అంటే సాక్ష్యం అవుతుంది. ఒకే ఒక్క గౌడ కుటుంబం ఉన్న ఇజురుపా సైతం అదే చెప్పింది.

మన ఆలంకారికులు ఒప్పించే మాటను ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడుగా విడదీశారు. ప్రభువులా ఆజ్ఞాపించడం, స్నేహితుడిలా నచ్చజెప్పడం, ప్రియురాలిలా లాలించడం. పల్లీసభల మాట ఈ మూడింటిలో దేనికీ ఒదగదు. అది ఇంటివాడు తన గుమ్మంలో నిలబడి, వచ్చినవాడితో మాట్లాడే తీరు. కోపం అక్కర్లేదు, ప్రాధేయపడక్కర్లేదు.

అయితే మాట ఒక్కటే గెలిచిందనుకుంటే పొరపాటు. ఈ మాటలే అంతకుముందు ఏళ్ల తరబడి రోడ్ల మీద, ఊరేగింపుల్లో చెప్పారు. అప్పుడవి గోల. 2006 అటవీహక్కుల చట్టం, ఆ తర్వాత వచ్చిన కోర్టు తీర్పు వాటిని తీర్మానాలుగా మార్చాయి. పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో ఎంత గొప్పగా మాట్లాడినా అది అభిప్రాయం మాత్రమే, నిర్ణయం వేరేచోట జరుగుతుంది. వక్తకు నోరు ఎంత ముఖ్యమో, తన మాట లెక్కలోకి వచ్చే సభ అంత ముఖ్యం. 

2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గని అనుమతిని తిరస్కరించింది. సభలు మళ్లీ పెట్టించాలని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ అడిగితే 2016 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లాంజిగఢ్ కర్మాగారం నడుస్తూనే ఉంది. దానికి కావలసిన బాక్సైట్ మాత్రం వేరే చోట్ల నుంచి వస్తోంది.